జబ్బార్ భాయ్ స్మారక కప్పు

మా మదనపల్లెలో ఎవరైనా పోతే రెండు పనులు తప్పవు. ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, బయటివాళ్లు ఫ్లెక్సీ కట్టిస్తారు. ఆ రెండో పనికి మురళీధర్ దగ్గరికి రావలసిందే. టమోటా మార్కెట్టుకు పోయే దారిలో అతనికి ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉంది. కంప్యూటర్లో శ్రద్ధాంజలి డిజైన్లు ఎప్పుడూ సిద్ధం. కింద రెండు దీపాలు, పక్కన తెల్ల పావురం, వెనక నీలం మేఘాలు. ఫొటో ఒకటి ఇచ్చి ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగి వచ్చేలోగా పోయిన మనిషి మేఘాల్లోకి చేరిపోయి ఉంటాడు. ఇలా ఎంతమందిని సాగనంపాడో అతనికే గుర్తులేదు. ఒక్కరి విషయంలో మాత్రం తొందరపడ్డాడు. తనకు ఆట నేర్పిన అబ్దుల్ జబ్బార్‌ని, ఆయన పుంగనూరులో నిక్షేపంగా టీ తాగుతూ ఉండగానే, మేఘాల్లోకి ఎక్కించాడు.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు క్లబ్బు సంగతి చెప్పాలి.

న్యూస్టార్ ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది ఊరి శివార్లలో, పట్టుచీరల మగ్గాలాడే వీధుల్లో. ఎనభైల నాటి మాట. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చునే పిల్లలకు సాయంత్రమైతే ఆ కాళ్లను ఎక్కడైనా పరిగెత్తించాలనిపించేది. క్రికెట్టంటే బ్యాటు, వికెట్లు, బోలెడంత ఖర్చు. ఫుట్‌బాల్‌కు బంతి ఒక్కటి చాలు. ఆ బంతి జబ్బార్ దగ్గర ఉండేది. ఆయనకు బస్టాండు పక్కన చెప్పుల అంగడి. సరుకు కోసం నెలకోసారి కుప్పం పోయి, అక్కడ రైలెక్కి ఆంబూరు దాకా వెళ్లేవాడు. కుట్టు వంకరపోయిందనో, రంగు అంటుకోలేదనో అక్కడి ఫ్యాక్టరీలు పక్కన పడేసిన ఆట బూట్లు చవగ్గా దొరికితే గోతంలో కట్టుకుని తెచ్చేవాడు. జతలు సరిగ్గా కుదిరేవి కావు. మురళీధర్ వేసుకున్న మొదటి జతలో ఎడమ బూటు వదులు, కుడి బూటు బిగువు. అవి వేసుకునే జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు.

జబ్బార్ పొడుగరి. గోల్‌కీపరుగా ఆడి, ఆనక కోచ్ అయ్యాడు. గ్రౌండంటే ఎర్రమట్టి, అందులో గులకరాళ్లు. ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు ప్రతి ఆటగాడూ దోసెడు రాళ్లు ఏరి గీత బయట పోసి రావాలి. అది ఆయన పెట్టిన మొదటి నియమం. రెండోది ఆటకు సంబంధించింది కాదు. క్లబ్బులో ఎవరింట్లో చావు జరిగినా ఆరోజు బంతి బయటికి రాకూడదు, జట్టు జట్టంతా అక్కడికి పోవాలి. పాడె మొయ్యాల్సిన చోట పాడె మొయ్యాలి, మట్టి వెయ్యాల్సిన చోట మట్టి వెయ్యాలి. పెళ్లికి పోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ చావుకు పోకపోతే మనిషి లెక్కలోకి రాడని ఆయన అనేవాడు.

మురళీధర్ తండ్రి పోయినప్పుడు వాయుగుండం పట్టింది. చెరువులు తెగి బస్సులు ఆగిపోయాయి, దాయాదులు ఒక్కరూ రాలేకపోయారు. న్యూస్టార్ జట్టే పాడె మోసింది. శ్మశానంలో తవ్విన గుంత నీళ్లతో నిండిపోతూ ఉంటే, జబ్బార్ లుంగీ ఎగ్గట్టి లోపలికి దిగి బకెట్టుతో తోడి పోశాడు. మురళీధర్ అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు. ఆ తర్వాత మూడు నెలలు జబ్బార్ ఇంట్లోనే తిన్నాడు. జబ్బార్ భార్య కమరున్నీసా వడ్డిస్తే, చిన్నపిల్ల నీలోఫర్ అతని పక్కన కూర్చుని అతని కంచంలోంచే తినేది.

తొంభైల్లో కుప్పంలో జరిగిన పెద్ద టోర్నమెంటు గెలవడం క్లబ్బుకు దక్కిన పెద్ద గౌరవం. ఫైనల్లో పెనాల్టీలు ఆపింది మురళీధర్. గోల్ వెనక నిలబడి ధైర్యం చెప్పింది జబ్బార్. కప్పును బస్సు టాపు మీద పెట్టుకుని, దారిలో వచ్చిన ప్రతి ఊళ్లోనూ డప్పు కొట్టించుకుంటూ వచ్చారు. ఆరోజు తీసిన ఫొటోలో జబ్బార్ నవ్వుతూ ఉంటాడు. ఆయన నవ్వుతున్న ఫొటో క్లబ్బు దగ్గర అదొక్కటే.

తర్వాత కాలం మారింది. రామసముద్రం వైపునుంచి వచ్చి ఇక్కడ టమోటా మండీ పెట్టిన ఈశ్వరప్ప, ధర ఆకాశానికి పోయిన ఒక ఏడాది ఏం చెయ్యాలో తోచనంత సంపాదించాడు. క్లబ్బును పోషిస్తానన్నాడు. జెర్సీల మీద మండీ పేరు పడింది. బెంగళూరు నుంచి ఆటగాళ్లు రావడం మొదలైంది. వాళ్లకు మ్యాచికింత అని ఫీజు, ఏసీ రూము. మనవాళ్లకు బత్తా, బస్ చార్జీ, చివర్లో బిర్యానీ. పత్రికల్లో 'సెమీ ప్రొఫెషనల్ క్లబ్' అని రాయించుకున్నారు. ఫీజు తీసుకుని ఆడేవాళ్లు కొందరు, ఊరి మీద ప్రేమతో ఆడేవాళ్లు కొందరు కాబట్టి ఆ 'సెమీ' అన్నమాట నిజమే.

బెంగళూరు కుర్రాళ్లు రాళ్లు ఏరేది లేదన్నారు. మేమొచ్చింది ఆడటానికా, కూలికా అని నవ్వారు. లైసెన్సు ఉన్న కోచ్‌ని తెద్దామని ఈశ్వరప్ప అన్నాడు. ఆ మాట జబ్బార్‌తో చెప్పవలసినవాడు సెక్రటరీ. అంటే మురళీధర్. అతను నోటితో చెప్పలేదు, సన్మానం ఏర్పాటు చేశాడు. మా వైపు మనిషిని తీసెయ్యాలంటే శాలువా కప్పుతారు. ఆ ఏడాది కప్పారు. 'ఇక భాయ్ విశ్రాంతి తీసుకోవాలని కోరుతూ' అని మైకులో చదివారు. జబ్బార్ శాలువాను నీటుగా మడతపెట్టి చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. మరునాడు ప్రాక్టీసుకు రాలేదు. ఏడాది తిరక్కుండానే కమరున్నీసా పోయింది. ఆయన అంగడి ఎత్తేసి పుంగనూరులో ఉన్న కూతురి ఇంటికి మారిపోయాడు.

పుంగనూరు ఏమంత దూరం. బస్సెక్కి కునుకు తీద్దామని కళ్లు మూస్తే ఊరొచ్చేస్తుంది. వచ్చే ఆదివారం పోయి చూసి వస్తానని మురళీధర్ చాలా ఆదివారాలు అనుకున్నాడు. పోలేదు. మొదట్లో మొహం చెల్లక పోలేదు, తర్వాత అలవాటైపోయి పోలేదు.

మొన్న మార్చిలో, మధ్యాహ్నం పూట, 'న్యూస్టార్ ఫ్యామిలీ' అనే వాట్సాప్ గ్రూపులో ఆ నవ్వుతున్న ఫొటో వచ్చింది. పెట్టినవాడు చెంగయ్య. పాత జట్టులో డిఫెండరు, ఇప్పుడు కుప్పంలో ఉంటూ అక్కడి జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. అతని బంధువొకడు బస్సులో పుంగనూరు మీదుగా వస్తూ ఒక ఇంటి ముందు జనం చేరి జనాజా సిద్ధం చేస్తుంటే చూసి, ఎవరని అడిగాడట. జబ్బార్ సాహెబని చెప్పారట. చెంగయ్య కుప్పంలో కూర్చుని ఏడ్చాడు, ఫొటో పెట్టాడు. సాయంత్రం నమాజు కాగానే మట్టి అని కూడా రాశాడు.

గ్రూపులో నమస్కారాలు వరుసకట్టాయి. మురళీధర్ ఆ సమయంలో ఎవరిదో గృహప్రవేశం ఫ్లెక్సీ చేస్తున్నాడు. బండి తీస్తే అందుకోగలడు. కానీ ఆర్డరిచ్చిన పార్టీవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, మిగతావాళ్లు ఎటూ పోతారు కదా అనిపించింది. అందరికీ అలాగే అనిపించింది. అందరూ చేతులు జోడించారు గానీ కాళ్లు ఎవరూ కదిలించలేదు.

ఆ ఆదివారం గ్రౌండులో సంతాప సభ పెట్టారు. మురళీధర్ మైకు పట్టుకుని బూట్ల గురించి, కుప్పం కప్పు గురించి చెబుతున్నాడు. ముందు వరసలో పాత ఆటగాడు కృష్ణప్ప కూర్చుని ఉన్నాడు. ఆయనకు మోకాళ్లు పట్టేసి నాలుగేళ్లయింది, ఇల్లు కదల్లేడు, ఆరోజు ఎవరో ఆటోలో తీసుకొచ్చారు. ఆయన మధ్యలో అడిగాడు.

"మన క్లబ్బు తరపున మట్టికి ఎవురు పోయినారప్పా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జబ్బార్ పెట్టిన నియమం అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ చూపులు భరించలేక మురళీధర్ నోట్లోంచి మాట జారిపోయింది.

"నేను పోయినానన్నా. ఈ సేతుల్తోనే మూడు పిడికిళ్ల మట్టి ఏసి వచ్చినా."

అని, భోరున ఏడ్చాడు. ఏడుపు నిజమైనదే. మాటే అబద్ధం. రెండూ కలిపి ఎవరో వీడియో తీశారు, ఊరంతా చూసింది. సెక్రటరీ అంటే ఇలా ఉండాలన్నారు. ఈశ్వరప్ప అక్కడికక్కడే జబ్బార్ పేరుమీద స్మారక టోర్నమెంటు ప్రకటించాడు. మెమోరియల్ అంటేనే చందాలొస్తాయి, బతికున్నవాళ్ల పేరు పెడితే ఎవడిస్తాడని అతని అనుభవం. టోర్నమెంటుకు జట్లు రావాలి కాబట్టి మదనపల్లెలోనూ పుంగనూరులోనూ కుప్పంలోనూ ఫ్లెక్సీలు కట్టారు. దీపాలు, పావురం, మేఘాలు, మధ్యలో నవ్వుతున్న జబ్బార్. కింద మురళీధర్ ఫోన్ నంబరు.

ఆ నంబరుకు మొదటి ఫోన్ పుంగనూరు నుంచి వచ్చింది. నీలోఫర్.

"మురళన్నా, బస్టాండు కాడ అబ్బా ఫొటో కట్టుండారే, అది మీరేనా కట్టింది?"

మురళీధర్ గొంతు బరువు చేసుకున్నాడు. ఎంత బాధపడ్డాడో చెప్పబోయాడు, ఆమెను ఓదార్చబోయాడు. ఆమె మధ్యలోనే అందుకుంది.

"అబ్బాకేం కాలేదన్నా. ఇప్పుడే టీ తాగను బజారుకు పోయినాడు. ముందు దాన్ని తీపించండి."

మురళీధర్ ఫోన్ పెట్టేశాడు. భాయ్ బతికున్నాడు. సంతోషంతో గంతెయ్యాల్సిన మాట. కానీ అతనికి ముందుగా గుర్తొచ్చింది ఆ వీడియో. మూడు పిడికిళ్ల మట్టి. భాయ్ బతికున్నందుకు తన గుండె సంతోషంతో కాకుండా భయంతో కొట్టుకుంటోందని తెలిసి, తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా భయం తగ్గలేదు. కత్తెర జేబులో వేసుకుని బండి తీశాడు.

పుంగనూరు బస్టాండులో ఫ్లెక్సీ టీ అంగడి నెత్తిమీదే ఉంది. దాని కింద బెంచీ మీద జబ్బార్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది, మనిషి వంగాడు, పొడుగు మాత్రం తగ్గలేదు. పక్కన ముగ్గురు నలుగురు ముసలాళ్లు నవ్వుతున్నారు. పైనున్న జబ్బారూ నవ్వుతున్నాడు. కింద ఉన్నాయన మురళీధర్‌ని చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రాప్పా మురళీ, కూర్సో. సచ్చినోడి కాడ దుడ్లు తీసుకోనని ఈయప్ప రెండు దినాల నుంచి నాకు టీ ఉత్తికే ఇస్తాండాడు. నువ్వూ తాగు."

ముసలాళ్లు మళ్లీ నవ్వారు. మురళీధర్ బెంచీ అంచున కూర్చున్నాడు. వాట్సాప్ సంగతి చెప్పాడు, చెంగయ్య పేరు చెప్పాడు, చెంగయ్య బంధువును కూడా వదల్లేదు. తన సంగతి తప్ప అన్నీ చెప్పాడు. జబ్బార్ తలాడిస్తూ విన్నాడు. పిల్లలు తనకు ఆ వీడియో చూపించారని, చాలా బాగా ఏడ్చావని అన్నాడు. ఎత్తిపొడుపు లేదు గొంతులో. తనకోసం ఒకడు అంతగా ఏడ్చాడని నిజంగానే సంతోషించినట్టు చెప్పాడు.

ఆ తర్వాత ఆరోజు పోయిందెవరో చెప్పాడు. పాల డిపో జబ్బార్. అదే పేరు, అదే వయసు, రోజూ సాయంత్రం ఇదే బెంచీ మీద కూర్చునేవాడు. పిల్లలు దుబాయిలో ఉండి అందుకోలేకపోయారు.

"మసీదు కాడ్నుంచి నేనే దగ్గరుండి జరిపించినాను. గుంత కాడ నిలబడి, వచ్చినోళ్లకంతా దోవ ఇడిసి, మట్టి ఏపించింది నేనేప్పా. ఎక్కువమంది రాలేదు. వచ్చిన మొగాలన్నీ నాకు గుర్తుండాయి."

ఇంతే అన్నాడు. అని, గ్లాసులో మిగిలిన టీ తాగుతూ మురళీధర్ వైపు చూశాడు. కోపంగా కాదు. పిల్లవాడు లెక్క చేస్తుంటే మాస్టారు పక్కన ఆగినట్టు చూశాడు. మురళీధర్‌కు అర్థమైంది. భాయ్‌కి తెలుసు. రాలేదు భాయ్, అబద్ధం చెప్పాను అనడానికి అంతకంటే మంచి సమయం లేదు. ముసలాళ్లు బస్సు చూడటానికి లేచి అటు పోయారు కూడా.

"ఫైనలుకు మీరు రావల్ల భాయ్," అన్నాడు.

జబ్బార్ గ్లాసు కింద పెట్టి, వస్తానన్నాడు.

ఫ్లెక్సీ తాళ్లు కోసి చుట్ట చుడుతుంటే నీలోఫర్ వచ్చింది. చేతిలో పాల క్యాను. చిన్నప్పుడు తన కంచంలో తిన్న పిల్ల, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని పెద్దమనిషిలా ఉంది. తండ్రికి వినపడనంత దూరం నడిచి, అక్కడ నిలబడి మాట్లాడింది.

"అన్నా, పేరు పొరపాటు ఎవురికైనా అయితాది. కానీ మా అబ్బా పోయినాడనే మీరంతా అనుకున్యారు కదా. అనుకోని కూడా, ఎట్లుండావమ్మా అని నాకు ఒక్కరు ఫోన్ సెయ్యలేదే. అబ్బాకు ఇది సెప్పలేదు నేను."

మురళీధర్ చుట్టిన ఫ్లెక్సీని గుండెకు ఆనించుకుని నిలబడిపోయాడు. ఆమె నంబరు తన ఫోన్లో ఉంది. ఎప్పటినుంచో ఉంది. ఆరోజు గుర్తుకే రాలేదు. ఆమె జవాబు కోసం ఎదురుచూడకుండా తండ్రి దగ్గరికి పోయి, ఎండ ముదరకముందే ఇంటికి రమ్మని ఉర్దూలో కసురుకుంది.

సంగతి విని ఈశ్వరప్ప ఎగిరి గంతేశాడు. సిగ్గనేది మండీలో అమ్ముడుపోయే సరుకు కాదు కాబట్టి అతని దగ్గర ఉండదు. బతికున్న మనిషికి మెమోరియల్ కప్పు ఇంకెక్కడా లేదని, టీవీవాళ్లు వస్తారని, టోర్నమెంటు పేరు మార్చేదే లేదని తేల్చేశాడు. ఫైనల్ రోజు స్టేజీ మీదికి హఠాత్తుగా తీసుకురావాలన్నాడు. మురళీధర్ సరే సరే అన్నాడు. ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. భాయ్ మైకులో ఒక్క మాట చెబితే చాలు, తన సెక్రటరీ పదవీ ఊళ్లో తన మొహమూ అంతటితో సరి. పుంగనూరు పోయి కాళ్ల మీద పడదామని రెండుసార్లు బండి తీశాడు. రెండుసార్లూ ఊరు దాటకుండానే వెనక్కి తిప్పాడు. భాయ్ పెద్దమనసున్నవాడు, ఎందుకు చెబుతాడులే అని సర్దిచెప్పుకున్నాడు. ఆ పెద్దమనసునే మళ్లీ వాడుకుంటున్నానని తెలియకపోలేదు.

ఫైనలుకు వచ్చింది మనవాళ్లూ, కుప్పం జట్టూ. కుప్పంవాళ్లతో చెంగయ్య వచ్చాడు. టెంటు వెనక కుర్చీలో కూర్చున్న జబ్బార్‌ని చూడగానే, అంత లావుపాటి మనిషీ నేలమీద కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది భాయ్. మీరు పోయినారని తెలిసి కూడా నేను రాలేదు. ఫొటో పెట్టి ఊరుకున్యా."

అందరి ముందరే గట్టిగా అన్నాడు. జబ్బార్ అతని తల నిమిరి, లావెక్కావు, పరిగెత్తడం మానేశావా అని అడిగాడు. చెంగయ్య కళ్లు తుడుచుకుని లేచాడు. ఆ తర్వాత ఆరోజంతా అతను అందరికంటే తేలిగ్గా తిరిగాడు. పక్కనే నిలబడ్డ మురళీధర్‌కు అతన్ని చూసి ఈర్ష్య కలిగింది. అంత చిన్న మాట. తను కూడా అనొచ్చు. చుట్టూ జనం ఉన్నారు కదా అని ఊరుకున్నాడు.

ఈశ్వరప్ప మైకులో జోకులేసి, జబ్బార్‌ని స్టేజీ ఎక్కించాడు. జనం ఈలలు వేశారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ముసలి ఆటగాళ్లు ఏడ్చారు. అప్పుడు ముందు వరసలోంచి కృష్ణప్ప మళ్లీ అడిగాడు. మోకాళ్లు పోయాయేమో గానీ ఆయన గొంతు పోలేదు.

"అయితే మురళీ, నువ్వు మట్టి ఏసింది ఎవురికప్పా?"

జనం గొల్లున నవ్వారు. నవ్వు మెల్లగా సద్దుమణిగింది గానీ చూపులు స్టేజీ అంచున ఉన్న మురళీధర్ మీదినుంచి కదల్లేదు. జబ్బార్ చెయ్యి చాపి ఈశ్వరప్ప దగ్గర మైకు తీసుకున్నాడు.

"ఆ పొద్దు పోయింది నా స్నేహితుడు, ఆయన పేరూ జబ్బారే. మురళీ నేననుకోని వచ్చినాడు. జనంలో నన్ను సూడలేదు గానీ నేను సూసినాను. ఏడుస్తా మట్టి ఏసినాడు. పిల్లోళ్లు దగ్గర లేని మనిషికి ఒక కొడుకు మాదిరి ఏసిపోయినాడు. మంచి పనే కదా."

చప్పట్లు మారుమోగాయి. కృష్ణప్ప రెండు చేతులూ ఎత్తి మురళీధర్‌కు దండం పెట్టాడు. జబ్బార్ మైకును ఈశ్వరప్పకు తిరిగి ఇవ్వలేదు. నాలుగడుగులు నడిచి వచ్చి మురళీధర్ చేతిలో పెట్టాడు. పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

సెక్రటరీ ఏదో చెబుతాడని జనం చూస్తున్నారు. పుంగనూరు బెంచీ మీద చూసినట్టే జబ్బార్ మళ్లీ చూస్తున్నాడు. అబద్ధమని చెప్పొచ్చు. నేను పోలేదు, భాయ్ నన్ను కాపాడుతున్నాడు అని చెప్పొచ్చు. ఇంతమంది ముందు చెబితే పరువు పోతుంది, కానీ పోవలసిన పరువే అది. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

"ఇప్పుడు టాస్ వేస్తారు. రెండు జట్ల కెప్టెన్లూ రావలసిందిగా కోరుతున్నాం," అన్నాడు.

జబ్బార్ తల ఒక్కసారి ఆడించి, పోయి కుర్చీలో కూర్చున్నాడు.

మ్యాచి కుప్పంవాళ్లు గెలిచారు. మనవైపు బెంగళూరు కుర్రాడొకడు మోకాలు పట్టుకుని మధ్యలోనే బయటికొచ్చాడు. కప్పు మీద 'స్వర్గీయ అబ్దుల్ జబ్బార్' అని చెక్కించిన అక్షరాలు చెరపడానికి టైము లేక, దానిమీద రిబ్బను చుట్టి ఇచ్చారు. జబ్బార్ చేతుల మీదుగానే ఇచ్చారు. చెంగయ్య ఆ కప్పు తీసుకుంటూ తల ఎత్తలేదు.

కారులో దించుతానని మురళీధర్ అంటే జబ్బార్ ఒప్పుకోలేదు. బస్సు చాలన్నాడు. ఇద్దరూ బస్టాండుకు నడిచారు. ఒకప్పుడు చెప్పుల అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షోరూము ఉంది. జబ్బార్ అటువైపు చూసి, చూడనట్టే నడిచాడు. దారి పొడవునా మురళీధర్ మాట్లాడదామని చూశాడు. పుంగనూరు బస్సు వచ్చి ఆగాక గానీ నోరు పెగల్లేదు.

"భాయ్, నన్ను కాపాడను మీరు ఏంటికి అబద్ధం సెప్పినారు?"

జబ్బార్ బస్సు కమ్మీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"నలుగురిలో నీ తల వంగితే నేను సూడలేనప్పా. అందుకని సెప్పినాను. సెప్పి, మైకు నీ సేతికే ఇచ్చినాను కదా. ఇది అబద్ధమని నువ్వే సెప్తావనుకున్యా."

మురళీధర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవకూడదనుకున్నాడు. తన ఏడుపుకు ఆయన ముందర ఇక విలువ లేదని అతనికి తెలుసు. కండక్టరు రైట్ అన్నాడు. జబ్బార్ రెండో కాలు కూడా ఎక్కించి, తలుపు దగ్గర వంగి, ఇంటికెళ్లే మనిషి అప్పగింతలు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నేను నిజంగా పోయిన పొద్దు నీలోఫర్ నీకు ఫోన్ సేస్తాది. సెప్పి పెట్టినాను. ఆ పొద్దన్నా రాప్పా."

వస్తాను భాయ్ అనడానికి మురళీధర్ నోరు తెరిచాడు. ఆ మాట తన నోట వస్తే ఈయన నమ్ముతాడా అని ఆయన మొహంలోకి చూశాడు. జబ్బార్ జవాబు కోసం ఆగలేదు. అప్పటికే లోపలికి తిరిగి, ఖాళీ సీటు ఎక్కడుందా అని చూసుకుంటున్నాడు.